తుంగ గడ్డి కాదు

తిరుపతి

చిరంజీవులు మనవలకు తాతయ్య ఆశీస్సులు.

ఏ మొక్క దేనికి చుట్టమో ఎలా తెలుస్తుందని ఫోనులో అడిగారు. మాటల్లో చెబితే నిలవదని రాస్తున్నాను.

ఈసారి స్వర్ణముఖి ఒడ్డుకు వెళ్ళినప్పుడు పూత వేసిన తుంగను పీకి, దాని కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించండి. సాఫీగా దొర్లదు, మూడు అంచులు వేళ్ళకు తగులుతాయి. అడ్డంగా కోస్తే త్రికోణం కనిపిస్తుంది. కాడకు కణుపులు ఉండవు. ఆకులు మూడు వరుసల్లో వస్తాయి. అదే వరిని చూడండి: కాడ గుండ్రం, కణుపులు స్పష్టం, ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు, రెండే వరుసలు. ఊరంతా గడ్డి అన్నా తుంగది వేరే కుటుంబం.

అసలు గడ్డి కుటుంబంలో సుమారు 12,000 జాతులున్నాయి. గరిక, రాగి, జొన్న, శేషాచలం కొండల్లోని వెదురు, మన జిల్లా బెల్లానికి మూలమైన చెరకు, అన్నీ అందులోవే. వెదురు లోపల బోలు కదా, చెరకు అలా లేదేమని మీరు తప్పకుండా అడ్డుపడతారు. నిజమే, జొన్న కాడ కూడా బెండుతో నిండే ఉంటుంది. ఒక్క గుర్తును నమ్ముకుంటే చిక్కే.

ఆ చిక్కులో లిన్నేయస్ అంతటివాడే పడ్డాడు. మొక్కలకు రెండేసి మాటల పేర్లు స్థిరపరచిన స్వీడన్ శాస్త్రవేత్త ఆయన. 1753లో అచ్చయిన పుస్తకంలో, పువ్వులోని కేసరాల లెక్కను బట్టి మొక్కలను తరగతులుగా విడదీశాడు. వరిపువ్వులో కేసరాలు ఆరు. చెరకులో మూడు, తుంగలోనూ మూడే. ఇంకేముంది, చెరకూ తుంగా ఒక తరగతికి చేరాయి, వరి మరో తరగతికి పోయింది! మగపూలు, ఆడపూలు విడివిడిగా పూస్తాయని మొక్కజొన్న ఇంకో చోటికి వెళ్ళింది. లెక్క సులువే గానీ, చుట్టరికం అంకెల్లో ఉంటుందా?

తరువాతివాళ్ళు కాడ, ఆకు, పువ్వు, గింజ అన్నీ కలిపి చూశారు. ఇటీవలి దశాబ్దాల్లో డీఎన్‌ఏను కూడా పోల్చారు. వరి, చెరకు, మొక్కజొన్న ఒకే ఇంటివని తేలింది. తుంగ, చెరువుల్లోని జమ్ము, చివరికి అనాసపండు మొక్క కూడా వాటికి దాయాదులే. అనాస పేరు చూసి మీ అమ్మమ్మ ఇప్పటికీ నవ్వుతోంది.

చంద్రగిరి దగ్గర మన మడిలో వరితోపాటు ఊద కూడా లేస్తోంది. రెండూ గడ్డే, లేతగా ఉన్నప్పుడు ఒకేలా కనిపిస్తాయి. ఆకు కాడను అంటుకున్న చోట మెల్లగా వంచి చూడండి. వరికైతే అక్కడ పల్చటి తెల్ల పొర నిలబడి ఉంటుంది, పక్కన నూగుతో చిన్న చెవులుంటాయి. ఊదకు ఆ రెండూ ఉండవు. ఇది నేర్చుకుని సెలవులకు రండి, కలుపు తీతకు నాకు ఇద్దరు మనుషులు దొరుకుతారు.

మీ తాతయ్య