ఎం.ఎస్. ట్రయల్ సమ్మతి పత్రం వెనక ఉన్న చరిత్ర

నరాల జబ్బంటే అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు వాళ్లు బండెక్కేది బెంగళూరుకే. హోసూరు రోడ్డులోని నరాల, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ పేరు తెలియనివాళ్లు అక్కడ తక్కువ. అలా వచ్చిన మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్., అంటే శరీర రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాములోని నరాల పొరను దెబ్బతీసే జబ్బు) పేషెంటును ఏ న్యూరాలజిస్టయినా 'కొత్త మందు ట్రయల్ ఉంది, చేరతారా?' అని అడిగితే ఇంట్లోవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. మన మీద ప్రయోగాలు చేస్తారా అంటారు. ఆ భయాన్ని అమాయకత్వమని కొట్టిపారేయడం అన్యాయం.

2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, ఒక అధ్యయనంలో భాగంగా, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్లలో హాస్టళ్లలో చదివే గిరిజన బాలికలు ఎందరో. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు పెట్టేశారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు వచ్చాక, 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగింది. ఆ మరణాలు టీకా వల్లేనని విచారణలో తేలలేదు. అయినా అమ్మానాన్నలను అడగకుండానే పిల్లలకు సూది వేయడం క్షమించరానిది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

మందుల ట్రయల్స్‌లో అక్రమాల మీద స్వాస్థ్య అధికార్ మంచ్ అనే సంస్థ వేసిన పిటిషన్ అప్పటికే సుప్రీంకోర్టులో ఉంది. 2013లో నష్టపరిహారం నిబంధనలొచ్చాయి, సమ్మతి తీసుకోవడాన్ని వీడియో తీయాలన్నారు. 2015లో ఆ వీడియో షరతును బలహీన వర్గాలవారికి, అదీ సరికొత్త మందుల ట్రయల్స్‌కు పరిమితం చేశారు. ఇప్పుడు నడుస్తున్నవి 2019 మార్చి నాటి నిబంధనలు.

మరోవైపు, వలంటీర్లు లేకపోతే ఎం.ఎస్.కు ఈ మందులే లేవు. 1993లో అమెరికాలో ఇంటర్ఫెరాన్ బీటా-1బీకి అనుమతి వచ్చేదాకా రిలాప్స్‌లను (జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెట్టడాన్ని) తగ్గించడానికి ఆమోదం పొందిన మందు అక్కడ ఒక్కటీ లేదు. దాని ట్రయల్‌లో 372 మంది చేరారు. వాళ్లలో దాదాపు మూడో వంతుకు అందింది మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షనే. 2004 నవంబరులో వచ్చిన నటలిజుమాబ్ అనే ఎం.ఎస్. మందును మూడు నెలలకే మార్కెట్ నుంచి తీసేశారు. ట్రయల్‌లో ఉన్న కొందరికి పీఎంఎల్ అనే ప్రాణాంతక మెదడు ఇన్ఫెక్షన్ రావడమే కారణం. 2006లో అది కట్టుదిట్టమైన జాగ్రత్తలతో తిరిగొచ్చింది. ఈ రోజు ఆ మందు వాడేవాళ్లకు పీఎంఎల్‌కు కారణమయ్యే జేసీ వైరస్ రక్తపరీక్ష చేస్తున్నారంటే, ఆ వలంటీర్లకు జరిగిన నష్టం నుంచి నేర్చుకున్నదే.

అందుకే చేరవద్దని అనను, చదవకుండా సంతకం పెట్టవద్దంటాను. పత్రం మనకు అర్థమయ్యే భాషలో ఉండాలన్నది నిబంధన. కన్నడ, ఇంగ్లిష్ చదవలేకపోతే తెలుగులో ఇమ్మని అడగడానికి బెంగళూరులో మొహమాటపడనక్కర్లేదు. ఉత్తుత్తి మందు వచ్చే అవకాశం ఎంత, ఇప్పుడు వాడుతున్న మందు ఆపాలా, ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఖర్చు ఎవరిది? ఇవి తప్పక అడగాలి. మధ్యలో ఎప్పుడైనా తప్పుకోవచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు. సంతకం చేసిన పత్రం కాపీ ఇంటికి తెచ్చుకోవాలి. 2009 జూన్ నుంచి ట్రయల్‌ను సీటీఆర్ఐలో (మన దేశంలో జరిగే ట్రయల్స్ వివరాలుండే ఆన్‌లైన్ రిజిస్ట్రీలో) నమోదు చేయడం తప్పనిసరి. ఆ నంబరు అడిగి తీసుకుంటే వివరాలు ఇంట్లో కూర్చుని ఉచితంగా చూసుకోవచ్చు.