చూపు పడినా కనబడని మచ్చ

తిరుమలలో కల్యాణకట్ట నుంచి గుంపుగా బయటికొచ్చే జనంలో మనవాళ్లను పోల్చుకోవడం కష్టం. మన మనసు జుట్టు కోసం, పాపిట కోసం వెతుకుతుంటుంది. అందుకే గుండు చేయించుకున్న తమ్ముడు ఎదురుగా వస్తున్నా చూపు అతని మీద పడి పక్కకు జరిగిపోతుంది. ఛాతీ ఎక్స్‌రేలో చిన్న గడ్డ కోసం వెతికే డాక్టరు చూపుకూ ఇదే జరుగుతుంది. ఆ చూపు ఎక్కడ, ఎంతసేపు నిలిచిందో పరిశోధకులు కొలిచి చూశారు.

చెయ్యి చాపి బొటనవేలి గోరు చూడండి. కంటికి నిశితంగా కనబడేది దాదాపు అంత మేరే, సుమారు 2 డిగ్రీలు. మిగతాదంతా మసకే. అందుకే చూపు సెకనుకు 3, 4 సార్లు గెంతుతూ, గెంతుకీ గెంతుకీ మధ్య కాసేపు నిలుస్తుంది. ఈ నిలకడలను పట్టే పరికరం ఐ ట్రాకర్. తెర కింద అమర్చిన ఇన్‌ఫ్రారెడ్ దీపాల వెలుగు కంటి ముందు పొర మీద చుక్కలా మెరుస్తుంది. ఆ మెరుపుకూ కంటిపాప నడిబొడ్డుకూ మధ్య దూరాన్ని బట్టి చూపు ఎటుందో కెమెరా లెక్కగడుతుంది. ముందుగా తెర మీద 9 చుక్కలను ఒక్కొక్కటిగా చూపించి లెక్క సరిచేసుకోవాలి. 60 సెంటీమీటర్ల దూరంలో అర డిగ్రీ తేడా అంటే తెర మీద 5 మిల్లీమీటర్లు. అంతకు మించితే, గడ్డ మీద పడిన చూపు పక్కటెముక ఖాతాలోకి పోతుంది.

పనిలో చిక్కులన్నీ ఇక్కడే. దట్టంగా పెట్టిన కాటుకను యంత్రం కంటిపాప అనుకుంటుంది. కళ్లద్దాల మీద అదనపు మెరుపులు పుడతాయి. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి తిరుపతి ఎండకు కిటికీ తెర తీసి ఉంచకూడదు. వెలుగు మారితే కంటిపాప పెద్దదో చిన్నదో అవుతుంది, దాని నడిబొడ్డూ కాస్త జరుగుతుంది. ఎక్స్‌రేలు చదివే మసక వెలుతురులోనే చుక్కలూ చూపించాలి. మనిషి కుర్చీలో కిందికి జారినా సరే, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

1975లో కుండెల్, నొడైన్ అనే పరిశోధకులు, ఎక్స్‌రేలు చదివే డాక్టర్లైన రేడియాలజిస్టులకు ఛాతీ ఎక్స్‌రేలను సెకనులో ఐదో వంతు మాత్రమే చూపించారు. చూపు ఒక్కసారి గెంతేలోపే బొమ్మ మాయం. అయినా దాదాపు 70 శాతం లోపాలను పట్టేశారు. తీరిగ్గా చూస్తే 97 శాతం. ఏళ్ల తరబడి వేల ఫిల్ములు చూసిన కంటికి, మామూలు ఛాతీ ఎలా ఉంటుందో తెలిసిపోయి, తేడా ఒక్కసారిగా తగులుతుందన్నమాట.

మరి తప్పిపోయేవి ఎందుకు తప్పిపోతాయి? 1978లో వాళ్లే, కార్మొడీ అనే మరో పరిశోధకుడితో కలిసి, ఊపిరితిత్తుల గడ్డలు దొరకని సందర్భాలను విడదీశారు. చూపు అక్కడికి వెళ్లనే లేదన్నవి 30 శాతం. వెళ్లింది గానీ నిలవలేదన్నవి 25. తగినంత సేపు నిలిచి కూడా, ఏమీ లేదులే అని వదిలేసినవి 45. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా విలువైన లెక్క ఇదే. తప్పు చేసిన పీజీ విద్యార్థితో ‘ఇంకా జాగ్రత్తగా చూడు’ అంటే అది మొదటి రకానికే మందు. మూడో రకానికి కావలసింది వేరు: గడ్డ, గడ్డలాగే కనబడే రక్తనాళం అడ్డకోత, చనుమొన నీడ పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడుందో నోటితో చెప్పించడం.

2013లో డ్రూ, వో, వుల్ఫ్ అనే పరిశోధకులు ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌లో గొరిల్లా బొమ్మ పెట్టారు. అది సగటు గడ్డకు 48 రెట్లు పెద్దది. 24 మంది రేడియాలజిస్టుల్లో 20 మందికి కనబడలేదు. ఆ 20 మందిలో 12 మంది చూపు నేరుగా దాని మీదే పడింది. వాళ్లు వెతికింది చిన్న తెల్లటి గుండ్రాల కోసం మరి. కల్యాణకట్ట దగ్గర తమ్ముడి సంగతీ ఇంతే.

ఇంకొక ఉచ్చు, ఒకటి దొరకగానే వెతకడం ఆగిపోవడం. బండి మీద నుంచి పడినవాడి ఎక్స్‌రేలో పక్కటెముక విరుగు కనబడగానే పని అయిపోయిందనిపిస్తుంది. అందుకే, మొదటి చూపులో తట్టింది మనసులో పెట్టుకున్నాక, దొరికిందీ లేనిదీ పట్టించుకోకుండా ఒక చుట్టు తిరగాలి: కాలర్ ఎముకల వెనక ఊపిరితిత్తుల కొనలు, ఎడమా కుడీ పోలుస్తూ మధ్య భాగం, గుండె నీడ వెనక, ఛాతీనీ పొట్టనూ వేరుచేసే డయాఫ్రం గీతకు దిగువన, చివరికి భుజాల ఎముకలు. అదే మనిషి పాత ఫిల్ము ఉంటే అప్పుడు దాన్ని పక్కన పెట్టుకుని పోల్చుకోవాలి.