‘నువ్వు ఏ పేపరోడివి తమ్మీ?’: రాజకీయ బ్లాగులపై అపోహలు, వాస్తవాలు

సిరోంచలో కూర్చుని తెలుగులో రాజకీయాలు రాస్తే రెండు రాష్ట్రాల నాయకులతోనూ తిట్లు తినాలి. ప్రాణహిత నదికి ఇవతల, మేమున్న వైపు మహారాష్ట్ర, అవతల తెలంగాణ. గోదావరిపై కట్టిన మేడిగడ్డ బ్యారేజీ గురించి రాసింది ఏ ఒడ్డువాళ్లకూ నచ్చదు. నాకు తరచుగా వినబడే మాటలు కొన్ని, మన బ్లాగర్లే నమ్మే తప్పుడు మాట ఒకటి ఇక్కడ చెబుతాను.

అపోహ: ప్రభుత్వం విలేకరులకిచ్చే అక్రెడిటేషన్ కార్డు లేనివాడికి నాయకుణ్ని నిలదీసే హక్కు లేదు.

వాస్తవం: పత్రికలకంటూ మన రాజ్యాంగంలో విడిగా హక్కే లేదు. 19(1)(ఎ) అధికరణం భావప్రకటన స్వేచ్ఛను పౌరులందరికీ ఇచ్చింది, పత్రికలు వాడుకునేదీ దాన్నే. పౌరుడికి లేని ప్రత్యేక హక్కు పత్రికకు ఏదీ లేదని 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో అంబేద్కరే చెప్పారు. 1920లో మరాఠీలో ‘మూక్‌నాయక్’ పత్రిక పెట్టిన మనిషి ఆయన, పత్రిక విలువ తెలియక అన్న మాట కాదు. కార్డుంటే ప్రెస్‌మీట్‌లో కుర్చీ దొరుకుతుంది. సర్పంచ్‌ను లెక్క అడగడానికి అది అక్కర్లేదు.

అపోహ: ‘గీ రాతలతోని లీడర్లంటే జనానికి మర్యాద పోతాంది. ఇది ప్రజాస్వామ్యానికి మంచిది కాదు.’

వాస్తవం: ఈ ఆరోపణ మన దగ్గర పుట్టింది కాదు. 2008 నవంబరులో బ్రిటన్ మంత్రి హేజెల్ బ్లియర్స్, పార్లమెంటు వ్యవహారాలపై పనిచేసే హాన్సార్డ్ సొసైటీ సభలో ఇంచుమించు ఇదే అన్నారు. రాజకీయ బ్లాగులు నిరాశను, ఎవరినీ నమ్మని తత్వాన్ని పెంచుతున్నాయని, కుంభకోణాలు తవ్వడమే వాటి పని అయిందని ఆమె బాధ. ఆర్నెల్లు తిరక్కముందే, 2009 ఏప్రిల్లో, ఆమె పార్టీకే చెందిన ప్రధాని గోర్డన్ బ్రౌన్ సలహాదారు డామియన్ మెక్‌బ్రైడ్ రాజీనామా చేయాల్సి వచ్చింది. ప్రతిపక్ష నేతలపై బురద చల్లేందుకు పెట్టాలనుకున్న ఒక బ్లాగుకు ఆయన ఈమెయిళ్లలో సరుకు అందించాడు. వాటిని బయటపెట్టింది కూడా ఒక బ్లాగరే! మరుసటి నెల, ఎంపీలు సొంత ఖర్చులకు ప్రజల సొమ్ముతో బిల్లులు పెట్టుకున్న బాగోతం పేలింది. దాన్ని తెచ్చింది మాత్రం డైలీ టెలిగ్రాఫ్ పత్రిక (ఆ ఘనత బ్లాగుల ఖాతాలో వేసేవాళ్లున్నారు, అది తప్పు). నిబంధనలు మీరలేదంటూనే బ్లియర్స్ కూడా ఇల్లు అమ్మిన లాభంపై 13 వేల పౌండ్లకు పైగా పన్ను కట్టారు. అక్కడి జనానికి విరక్తి పుట్టించింది రాతలా, బిల్లులా?

అయినా ఆ విమర్శను నేను పూర్తిగా కొట్టిపారేయను. తెలుగులో వచ్చే రాజకీయ రాతల్లో చాలావరకు హైదరాబాద్‌లో ఎవరు ఏ పార్టీలోకి దూకుతారన్న ఊహాగానాలే. మేడిగడ్డనే చూడండి. 2016లో రెండు రాష్ట్రాలూ ఒప్పందం చేసుకున్నాయి, తెలంగాణ కట్టింది, ఇవతలి ఒడ్డున సిరోంచ తాలూకా రైతుల భూములు పోయాయి. పరిహారం అడిగితే ఇక్కడి నాయకుడు నది అవతలికి వేలు చూపిస్తాడు. అక్కడి నాయకుడికి వీళ్లు ఓటర్లు కారు. 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగాక చర్చంతా ఎవరి హయాంలో ఎవరు తిన్నారన్నదే, ఇవతలి పొలాల ఊసు తక్కువ. ‘ఎప్పుడూ కుంభకోణాలేనా’ అని నాయకులు తిడితే నేను పట్టించుకోను. ‘ఎప్పుడూ రాజధాని కబుర్లేనా’ అని తిడితే ఒప్పుకుంటాను. కాకపోతే ఆ తిట్టు ఇంతవరకు ఎవరూ తిట్టలేదు.

ఇంకో సంగతి. మా దగ్గర ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు మరాఠీ. తెలుగు అక్షరం రానివాళ్లు చాలామంది. అందుకే రాసిందాన్ని చదివి, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ కూడా పెడతాను. నాయకులకు అసలు టెన్షన్ దానితోనే.

అపోహ: పక్క రాష్ట్రం కాగితాలు నీకెవరిస్తారు?

వాస్తవం: 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం పౌరుడు ఏ రాష్ట్రంలో ఉన్నా ఏ రాష్ట్ర కార్యాలయాన్నైనా అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. మహారాష్ట్ర కార్యాలయాలకు పెట్టే అర్జీ మాత్రం ఒకే విషయం మీద, 150 మాటలు దాటకుండా ఉండాలి. పరిహారం జాబితా, సర్వే నకలు, చెల్లింపుల వివరాలు అన్నీ ఒకే కాగితంలో అడిగితే తిప్పి పంపడానికి వాళ్లకు సాకు దొరుకుతుంది.

అపోహ: పోస్టు పెడితే ఐటీ చట్టం 66ఎ సెక్షన్ కింద లోపలేస్తారు.

వాస్తవం: 2012లో ఇదే మహారాష్ట్రలో, పాల్ఘర్‌లో, ఒక ఫేస్‌బుక్ పోస్టుకు ఇద్దరు అమ్మాయిలను అరెస్టు చేశారు. ఆ తర్వాత వేసిన శ్రేయా సింఘాల్ కేసులోనే 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. ఇప్పటికీ దాని పేరుతో ఎవరైనా బెదిరిస్తే ఈ తేదీ చెప్పండి.

అపోహ (ఇది మనవాళ్లది): నిజం రాస్తే పరువునష్టం కేసు నిలవదు.

వాస్తవం: క్రిమినల్ కేసులో నిజమైతే సరిపోదు. అది ప్రజాహితం కోసం రాసిందని కూడా చూపించాలి. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేసే నేరం కాదు గానీ, కోర్టు వాయిదాలకు తిరగడమే ఒక శిక్ష. సర్పంచ్ ఇంటి గొడవలు రాయకండి, గ్రామనిధి లెక్క రాయండి. ఆరోపణ పెట్టేముందు ఆ నాయకుడికి ప్రశ్న పంపండి. జవాబు రాకపోతే రాలేదని రాయండి.

అపోహ: ఎన్నికలప్పుడు బ్లాగు రాయడానికి కలెక్టరేట్ అనుమతి కావాలి.

వాస్తవం: ముందస్తు అనుమతి కావాల్సింది రాజకీయ ప్రకటనలకు. సొంత బ్లాగులో, సొంత ఖాతాలో రాసుకునే అభిప్రాయానికి అక్కర్లేదని ఎన్నికల సంఘమే చెప్పింది. అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకుని రాస్తే అది అతని ఖర్చులో చేరుతుంది, మీకూ నోటీసు రావొచ్చు.