బాల్సా గొడవ 2019 మే నెల నుంచి చూస్తేనే అర్థమవుతుంది

గాలిమర రెక్కల లోపల బాల్సా అనే తేలికైన చెక్క మంచిదా, సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్‌తో తయారయ్యే పెట్ ఫోమ్ మంచిదా అన్న వాదన మళ్లీ రాజుకుంది. మోడల్ విమానాలు చేసినవాళ్లకు బాల్సా తెలిసిందే, రెండో ప్రపంచ యుద్ధంలో మస్కిటో విమానం గోడల్లో ఉన్నదీ అదే. ఆ పాత కథ పక్కనపెట్టి 2019 మే నెలకి వచ్చేద్దాం, నా లెక్కలో మొత్తం గొడవ అక్కడే మొదలైంది.

ఆ నెల చైనా ఒక గడువు పెట్టింది. 2018 చివరికి అనుమతి వచ్చిన నేలమీది పవన విద్యుత్ ప్రాజెక్టులు 2020 ఆఖరుకల్లా గ్రిడ్‌కి కలవాలి, లేదంటే సబ్సిడీ రాదు. ఇక పరుగే పరుగు. 2019లో సుమారు 26 గిగావాట్లు కలిపిన దేశం 2020లో దాదాపు 72 కలిపింది. రెక్కలో రెండు గ్లాస్ ఫైబర్ పొరల మధ్య తేలికగా, గట్టిగా ఉండే కోర్, అంటే లోపలి పదార్థం, కావాలి, అప్పుడే బరువు పెరగకుండా రెక్క బిగువుగా నిలుస్తుంది. దానికి బాల్సాని మించింది దొరకడం కష్టం, ఆ బాల్సాలో సింహభాగం వచ్చేది దక్షిణ అమెరికాలోని ఒక్క ఈక్వడార్ నుంచే.

అక్కడ తీరప్రాంతంలో తోటలున్నాయి. కానీ ఎంత త్వరగా ఎదిగే చెట్టయినా కోతకి రావాలంటే నాలుగైదేళ్లు పడుతుంది, గడువేమో ఏడాదిన్నర. అందుకే కొనేవాళ్లు అమెజాన్ లోపలికి, పస్తాసా ప్రాంతంలోని అచువార్, వావోరానీ తెగల నేలల్లోకి వెళ్లారు. బాల్సా అక్కడ నదీ లంకల్లో దానంతటదే మొలుస్తుంది. సరిగ్గా కోవిడ్ సమయం, బయటికి వెళ్లే దారి లేదు, చేతిలో డబ్బు లేదు. చెట్టుకి ఇచ్చింది చాలా తక్కువని, నరికేవాళ్లతో పాటు మద్యం, జబ్బు కూడా ఊళ్లలోకి వచ్చాయని, అమ్మాలా వద్దా అని ఇళ్ల మధ్యే తగాదాలు పుట్టాయని అక్కడివాళ్లు చెప్పారు. లంకలు బోడి అయ్యాయి. బాల్సా మళ్లీ త్వరగా మొలిచే చెట్టేగా అంటారు వ్యాపారులు. మొలుస్తుంది, నిజమే, కానీ చెట్టు మొలిచినంత మాత్రాన ఊళ్లో చీలిక పూడదు.

ధర రెట్టింపయ్యేసరికి రెక్కల కంపెనీలు పెట్ ఫోమ్ వైపు మరింత వేగంగా మళ్లాయి. అది ప్లాస్టిక్, బాల్సా కన్నా బలం తక్కువ, కానీ ఫ్యాక్టరీలో కావాల్సినంత తయారవుతుంది, వాడేసిన సీసాలతోనూ చేయొచ్చు. ఇప్పుడు "సహజమైన చెక్కా, ప్లాస్టిక్కా" అని అడిగేవాళ్లు ఆ చెక్క తోటదా, లంకదా అన్నది కూడా అడగాలి.

ఆ జోరు చూసి ఈక్వడార్ రైతులు కొత్తగా బాల్సా నాటారు. అవి కోతకి వచ్చేలోపే గిరాకీ పడిపోయింది. బాల్సాని ఏళ్ల తరబడి నిలబెట్టి ఉంచలేం, వయసు మీరితే చెక్క బరువెక్కుతుంది, లోపలి చేవ పాడవుతుంది, అప్పుడు రెక్కల వాళ్లు దాన్ని తీసుకోరు.