ఒకే దూలానికి రెండు గడియారాలు

"ఎదుటివాళ్ల ఇష్టాయిష్టాలను గౌరవించడం నాలుగేళ్ల పిల్లలకి పాటలతో, బొమ్మలతో నేర్పగలమా?" అని ఒక పాఠకురాలి ప్రశ్న. నేర్పగలం. నీతిపాట కంఠతా పట్టిస్తే వచ్చేది కాదు గానీ. పాటలో మాటల కంటే ముందు పనిచేసేది తాళం.

1665లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ జబ్బుపడి గదిలో ఉన్నప్పుడు ఒక వింత గమనించాడు. ఒకే దూలానికి వేలాడదీసిన రెండు లోలకం గడియారాలను ఎలా కదిపి వదిలినా, అరగంటలో ఒకే లయకు వచ్చేస్తున్నాయి. ఒకటి ఎడమకు ఊగితే రెండోది కుడికి. గాలి పనేమో అనుకున్నాడు మొదట. కాదు, దూలం పని. కంటికి ఆనని కదలిక దూలం గుండా అటూ ఇటూ పాకి రెండింటినీ సర్దుతోంది.

ఒకే డ్రమ్ ముందు కూర్చున్న ఇద్దరు పిల్లలదీ ఇదే కథ. ఒకరి దెబ్బ 100 మిల్లీసెకన్లు వెనకబడింది అనుకుందాం. తర్వాతి దెబ్బకి ఇద్దరూ చెరి సగం సర్దుకుంటే తేడా సున్నా. చెరి పావు అయితే 50 మిగులుతుంది, ఆపైన 25, అలా కరిగిపోతుంది. ఇద్దరూ పూర్తిగా 100 సర్దుకుంటే మాత్రం వెనకవాడు ముందుకొస్తాడు, ముందువాడు వెనక్కి పోతాడు. తేడా ఎక్కడికీ పోదు. ఒకడు బిగుసుకు కూర్చుని రెండోవాడే సర్దుకుంటే లయ కలుస్తుంది, కానీ బరువంతా ఒక్కడి మీదే. స్నేహం గురించి ఇంతకంటే మంచి లెక్క నాకు తెలీదు.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ల 2014 ప్రయోగంలో 14 నెలల పిల్లల్ని సంగీతానికి ఎత్తుకుని ఊపారు. ఎదురుగా నిలబడ్డ మనిషి కూడా అదే లయలో ఊగితే, తర్వాత ఆమె చేతిలోంచి జారిపడ్డ వస్తువుల్ని ఆ పిల్లలు ఎక్కువగా తీసిచ్చారు. ఆమె పైకి లేచినప్పుడు బిడ్డ కిందికి దిగినా ఫలితం అదే. హైగెన్స్ గడియారాల్లాగే! కాబట్టి ఇద్దరూ కలిసి కొట్టడమే కాదు, 'నువ్వొకటి, నేనొకటి' అని వంతులేసుకున్నా చాలు.



ఇక పద్ధతి. ఇద్దరికీ ఒకే డ్రమ్, లేదా బోర్లించిన బకెట్. ఎదురెదురుగా కూర్చోబెట్టండి. ఎక్కువగా తప్పేది వేగం దగ్గరే: పెద్దవాళ్ల చేయి సహజంగా నిమిషానికి 100 దెబ్బల దగ్గర కుదురుకుంటే, చిన్నపిల్లలది 150 దగ్గర. టీచర్ తన వేగంతో మొదలుపెడితే పిల్లలు ముందుకు పరిగెడతారు, మాట వినడం లేదన్న పేరు వస్తుంది. వాళ్ల వేగంతో మొదలుపెట్టి మెల్లగా తగ్గించాలి. స్పీకర్లో పాట పెట్టి వదిలేయకండి. స్పీకర్ తన వంతు సర్దుకోదు. మనిషితో కలిసి వాయించినప్పుడే ఈ వయసు పిల్లలకి లయ బాగా కుదురుతుందని జర్మనీలోని లైప్‌జిగ్‌లో 2009లో చేసిన ప్రయోగంలో తేలింది.

బొమ్మల్లోనూ ఇదే సూత్రం. ఒక పెద్ద కాగితం, చెరో రంగు క్రేయాన్. ఒకరు పిచ్చిగీత గీస్తే రెండోవారు దాన్ని ఏదో ఒక బొమ్మగా మారుస్తారు. డొనాల్డ్ విన్నికాట్ అనే పిల్లల వైద్యుడు వాడిన ఆట ఇది. ఎదుటివాళ్ల గీతకి కలపొచ్చు, అడగకుండా కొట్టేయకూడదు. ఏ4 కాగితమైతే మోచేతులు తగిలి పోట్లాటే. ఎదురెదురుగా కూర్చుంటే ఒకరికి బొమ్మ తలకిందులవుతుంది, పక్కపక్కన కూర్చోబెట్టండి. రంగులు వేరు కాబట్టి ఎవరు ఎవరి గీత మీదికి వెళ్లారో పిల్లలకే కనిపిస్తుంది. "ఎంత బాగుందో!" అనకుండా "దీని మీద గీసేముందు అడిగావా?" అనండి.

ఒక ప్రమాదం ఉంది. పైన చెప్పిన పసిపిల్లలు ముక్కూమొహం తెలియని మనిషికి దగ్గరవడానికి పట్టింది 145 సెకన్ల ఊపు. లయ మంచివాళ్లకీ, మాయచేసేవాళ్లకీ ఒకేలా పనిచేస్తుంది. అందుకే ఆగడం కూడా ఆటలో భాగం కావాలి. ఎవరు అరచెయ్యి ఎత్తినా దెబ్బ ఆగాలి. ఎత్తినవాళ్లు తల ఊపాకే మళ్లీ మొదలు. మూడు నాలుగేళ్లకి కదిలే చేతిని ఆపుకోవడం కష్టమే, ఒకటి రెండు దెబ్బలు అదనంగా పడతాయి, తిట్టకండి. పాడుతున్నది టీచరే అయినా, పిల్ల చెయ్యి ఎత్తితే పాట సగం మాటలో తెగిపోవాలి.