ఖాళీ కంచం బొమ్మకు అర్థమేంటి? మందుల కవర్ల మీద బొమ్మలు: అపోహలు - వాస్తవాలు

మేం మందులు వేసిచ్చే కవర్ మీద ఒకప్పుడు ఖాళీ కంచం బొమ్మ ఉండేది. అన్నానికి ముందు వేసుకోవాలని దాని అర్థం. అంటే, మేం అనుకున్న అర్థం. షుగర్ గోలీలు తీసుకుని వెళ్లబోతున్న ఒక పెద్దమ్మను ఆపి, "ఇవి ఎప్పుడేసుకుంటవు పెద్దమ్మా?" అని అడిగాను. కవర్ కేసి ఓసారి చూసి, "బువ్వ తిన్నంక బిడ్డా. కంచంల ఏం మిగల్లేదు గద" అంది. ఆమె తప్పేం లేదు. తినకముందూ కంచం ఖాళీయే, తిన్నాకా ఖాళీయే. ఆమె వెనకాల లైన్లో ఉన్నాయన ఇంకో అర్థం తీశాడు: ఈ గోలీ వేసుకుంటే అన్నం బందట. అది గ్లిమెపిరైడ్. వేసుకుని తినకుండా కూర్చుంటే షుగర్ పడిపోతుంది, మనిషీ పడిపోతాడు.

ఫార్మసిస్టుగా కౌంటర్ వెనక చాలా ఏళ్లు గడిపాను. బొమ్మల గురించి నేనూ నమ్మి, తర్వాత మానేసిన మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: అక్షరం రాకపోయినా బొమ్మ ఎవరికైనా అర్థమవుతుంది.

వాస్తవం: బొమ్మ చదవడం కూడా నేర్చుకుంటేనే వస్తుంది. బాణం గుర్తంటే "ఇటు పో" అనీ, అడ్డగీతంటే "వద్దు" అనీ, మూడు గళ్లుంటే ఎడమ నుంచి కుడికి చూడాలనీ మనకు బడి నేర్పింది. బడికి వెళ్లని మనిషికి అడ్డగీత కేవలం ఒక గీత.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ బ్రెజిల్‌ది. గర్భిణులు వాడితే పుట్టే పిల్లలకు కాళ్లూ చేతులూ సరిగా రావని 1961లో మార్కెట్ నుంచి తీసేయడం మొదలైన థాలిడోమైడ్, తర్వాత కుష్ఠు రోగుల్లో వచ్చే ఒక రకం రియాక్షన్‌కు మందుగా మళ్లీ వాడుకలోకి వచ్చింది. గర్భిణులు ముట్టుకోకూడదని ప్యాకెట్ మీద గర్భిణి బొమ్మ వేసి అడ్డగీత కొట్టారు. కొందరు ఆడవాళ్లు దాన్ని కడుపు రాకుండా చేసే మందనో, వచ్చిన కడుపు పోగొట్టే మందనో అనుకున్నారు. ఏ ప్రమాదం తప్పించాలని బొమ్మ వేశారో, ఆ బొమ్మే అటు తోసింది.

అందుకే బొమ్మను గీసినవాళ్లు బాగుందనుకుంటే సరిపోదు, వాడేవాళ్ల దగ్గర పరీక్ష పెట్టాలి. గుర్తులకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ లెక్కలో కనీసం 67 శాతం మంది సరిగ్గా చెప్పాలి. అమెరికా ప్రమాణం ఏఎన్ఎస్ఐ అయితే 85 శాతం అడుగుతుంది. పైగా, ప్రమాదకరంగా తప్పు అర్థం చేసుకునేవాళ్లు 5 శాతం దాటకూడదంటుంది. నాకు ఈ రెండో షరతే ముఖ్యం. అర్థం కానివాడు వచ్చి అడుగుతాడు, తప్పుగా అర్థమైనవాడు అడగడు.

దక్షిణాఫ్రికాలో రోడ్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రాస్ డౌస్ బృందం మందుల ప్రమాణాలు నిర్ణయించే అమెరికా ఫార్మకోపియా తయారుచేసిన బొమ్మలను, అక్కడి ఖోసా భాష మాట్లాడే జనంతో కూర్చుని కొత్తగా గీయించిన బొమ్మలను పక్కపక్కన పెట్టి చూసింది. ఊరివాళ్లతో కలిసి గీసినవే మెరుగ్గా అర్థమయ్యాయి. మనం మాత్రం ఇంటర్నెట్‌లో దొరికిన ఫోర్కూ స్పూనూ బొమ్మ దింపుకుని, చేత్తో అన్నం కలుపుకునే మనిషి చేతిలో పెడుతున్నాం.

అపోహ: సూర్యుడు, చంద్రుడు వేస్తే వేళ తెలిసిపోతుంది.

వాస్తవం: కొండ వెనక సగం సూర్యుణ్ని గీస్తే అది పొద్దు పొడవడమా, పొద్దు గూకడమా? గీసినవాడికే తెలియాలి. దీన్ని సరిచేద్దామని మేం సూర్యుడి పక్కన కోడిపుంజును చేర్చాం. మొదటి రోజే ఒకావిడ "కోడికూర పత్యమా సారూ?" అని అడిగింది. పథ్యం పాటించే ఊళ్లో మందు కవర్ మీద కోడి కనబడితే ఇంకేం అనుకుంటారు?

ఇప్పుడు వేళను బొమ్మతోపాటు వాళ్ల పనికి ముడివేసి చెబుతున్నాను. చాయ్ తాగే యాళ్ల, బువ్వ తినే యాళ్ల, పండుకునే ముందు. పరగడుపున అనే మాట ఉండనే ఉంది. థైరాయిడ్ గోలీకి ఆ ఒక్క మాట చేసే పని ఇప్పటిదాకా నేను చూసిన ఏ బొమ్మా చేయలేదు.

అపోహ: బొమ్మల కవర్ ఇస్తే నోటితో చెప్పే పని తగ్గుతుంది.

వాస్తవం: ఇదే అన్నిటికంటే చెడ్డ అపోహ, ఎందుకంటే లైన్ పొడుగ్గా ఉన్నప్పుడు మాకు ఇది బాగా నచ్చుతుంది. బొమ్మ చెప్పిన మాటను ఇంటికెళ్లాక గుర్తుచేస్తుంది, అంతే. అసలు చెప్పని మాటను ఎలా గుర్తుచేస్తుంది?

కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ తీసుకోండి. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కవర్ మీద ఏడు గళ్లు గీసి ఒకదాంట్లో గోలీ వేశాం. గళ్లు చూసిన ఒకామె "ఏడు దినాలు ఏసుకోవాల్నా?" అంది. అప్పుడు అడిగాను: "మీ ఊర్ల అంగడి ఏ దినం?" "బేస్తారం." "అంగడికి పోయిన దినం ఒక్కటే గోలీ. అంగడి లేని దినం ఈ గోలీ లేదు." ఆ కవర్ మీద అంగడి సంచి బొమ్మ పెన్నుతో గీసిచ్చాను. చూడ్డానికి కుండలా వచ్చింది. అయినా పరవాలేదు, ఎందుకు గీశానో ఆమెకు తెలుసు.

తర్వాత "ఇంటికాడ మీ కోడలుకు ఎట్ల చెప్తవో నాకు చెప్పు" అంటాను. "అర్థమైందా?" అని అడిగితే అందరూ తలూపుతారు, అడగడం దండగ. తిరిగి చెప్పించుకుంటేనే బండారం బయటపడుతుంది, ఎక్కువసార్లు మాదే. ఆయాసానికి మిషన్‌లో వేసి పీల్చాల్సిన క్యాప్సూల్‌ను మింగుతున్నారని మాకు అలాగే తెలిసింది. కవర్ మీద క్యాప్సూల్ బొమ్మ ఉంది, మిషన్ బొమ్మ లేదు మరి. విరేచనాలకిచ్చే ఓఆర్ఎస్ కూడా ఇంతే. గ్లాసు బొమ్మ చూసి లీటర్ ప్యాకెట్ మొత్తం ఒక్క గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లకు ఇంకా కష్టం. అందుకే లీటర్ నీళ్ల సీసా ఒకటి కౌంటర్ మీదే పెట్టుకున్నాను. బొమ్మ కంటే సీసా నయం.

అపోహ: రంగు గుర్తుంటే చాలు.

వాస్తవం: ఐరన్ గోలీల విషయంలో నిజమే. దేశమంతా ఒకే పద్ధతి: 5 నుంచి 9 ఏళ్ల పిల్లలకు గులాబీ, 10 నుంచి 19 ఏళ్లవాళ్లకు నీలం, గర్భిణులకు ఎరుపు. మిగతా మందుల్లో కంపెనీ మారితే రంగు మారిపోతుంది. "పోయినసారి పచ్చ గోలీ ఇచ్చిండ్రు, ఇది తెల్లగుంది, ఇది నాది కాదు" అని వాపసు తెచ్చేవాళ్లు ప్రతి నెలా ఉంటారు. వాళ్లు నయం. పాతవీ కొత్తవీ రెండూ వేసుకునేవాళ్లతోనే నాకు టెన్షన్.

అపోహ: బొమ్మలు చదువు రానివాళ్లకే.

వాస్తవం: 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67.02 శాతం, ఆడవాళ్లలో 59.15. కానీ మందు స్ట్రిప్ మీదున్నది ఎక్కువగా ఇంగ్లిష్. తెలుగు పేపర్ తిరగేసే రిటైర్డ్ మాస్టారు కూడా అక్కడ తడుముకుంటారు, శుక్లాలుంటే మరీ. ఇక అక్షరం రానివాళ్లకు అంకెలు కూడా రావనుకోవద్దు. ఫోన్ నొక్కుతారు, నోట్లు లెక్కపెడతారు, బస్సు నంబర్ గుర్తుపడతారు. 1-0-1 అని రాసి, పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని ఒక్కసారి వివరిస్తే చాలామంది పట్టేస్తారు. వివరించకపోతే మాత్రం అది నూటొక్కటే.

ఇంతకీ ఆ కంచం సంగతి. దాన్ని మార్చమన్నది ఆ పెద్దమ్మే. "పొయ్యి మీద గిన్నె గీయి బిడ్డా. ఉడుకుతుంటే ఎవ్వరు తినరు, ఉడికినంక తినకుండ ఎవ్వరుండరు" అంది. ముందు వేసుకోవాలి, వెంటనే తినాలి కూడా. రెండూ ఒక్క బొమ్మలో వచ్చాయి. గీసి లైన్లో ఉన్నవాళ్లను అడిగితే చాలామంది సరిగ్గానే చెప్పారు. ఒకాయన మాత్రం గోలీని అన్నంలో వేసి ఉడకబెట్టాలా అన్నాడు. ఆ గిన్నె మీద మూత పెట్టి మళ్లీ గీస్తున్నాం.