ఇంటి గచ్చు, పర్యావరణం: అపోహలు - వాస్తవాలు

వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి వైపు ఇల్లు కట్టుకునేవాళ్లు ఇప్పుడు బండలు కొనేముందు "పర్యావరణానికి ఏది మంచిది?" అని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. అయితే సరుకు పేరు చూసి జవాబు చెప్పలేం. అది ఎంత దూరం నుంచి వచ్చింది, దాని కింద ఎంత సిమెంటు పోశాం, ఎన్నేళ్లు నిలుస్తుంది? ఈ మూడూ చూడాలి.

అపోహ: సహజమైన రాయి ఏదైనా మంచిదే.

ఇటలీ మార్బుల్ కూడా సహజమైనదే. కానీ ఓడెక్కి, లారీ ఎక్కి హన్మకొండ చేరాలి. గుజరాత్‌లోని మోర్బీ టైల్స్ వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వస్తాయి. పైగా వాటిని సుమారు 1200 డిగ్రీల వేడిలో కాల్చాలి. వికారాబాద్ జిల్లా నుంచి వచ్చే తాండూరు బండకు కాల్చే పనే లేదు. కరీంనగర్ గ్రానైట్ మనకు ఇంకా దగ్గర. కానీ అది గట్టి రాయి కాబట్టి కోతకు, పాలిష్‌కు కరెంటు, నీళ్లు ఎక్కువ పడతాయి. క్వారీలో పక్కన పడేసే రాయీ ఎక్కువే. అందుకే కటింగ్ యూనిట్లలో మిగిలే ముక్కలు అడిగి తెచ్చుకోండి. ఒకే మందం ఉన్నవి ఏరుకుంటే పోర్టికోకూ, వాకిలికీ బాగా పనికొస్తాయి.

గ్రానైట్ నుంచి రేడియేషన్ వస్తుందన్న భయం కొందరిది. చాలా స్వల్ప మోతాదులో ఉండేమాట నిజమే. కిటికీలు తెరిచి గాలి ఆడనిచ్చే ఇంట్లో దానికి బెంగపడక్కర్లేదు.

అపోహ: తాండూరు బండ కొన్నేళ్లకే తెల్లబడి పాడవుతుంది.

బండను పాడుచేసేది ఎక్కువగా యాసిడే. తాండూరు, షాబాద్ బండలు సున్నపురాయి జాతివి. గృహప్రవేశానికి ముందు సిమెంటు మరకలు పోవాలని యాసిడ్ పోసి కడిగిస్తారు. బుస్సుమని నురగ పొంగితే మురికి పోతోందని అనుకుంటారు. నిజానికి అక్కడ కరిగేది బండ పైపొర కూడా. నునుపు పోయిన చోట మురికి ఇంకా త్వరగా పడుతుంది, దాన్ని వదిలించడానికి మళ్లీ యాసిడ్ తెస్తారు. ఇది ఆగదు.

బండ పరిచిన రోజే, సిమెంటు పాలు ఆరకముందే తడి గోనెసంచితో తుడిపించండి. ఎండిపోయిన మరకను పుట్టీ బ్లేడుతో గీకి, మిగిలింది పాలిష్‌లో తీయించాలి. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే అప్పటికప్పుడే తుడవాలి. బాత్రూములో యాసిడ్ మానలేని ఇల్లయితే అక్కడి వరకు గరుకు గ్రానైట్ వేయించుకోవడం మేలు.

అపోహ: గచ్చు కుంగినా, ఉప్పు పొంగినా సరుకు నాసిదే.

ముందు కింద ఏముందో చూడండి. మన దగ్గర చాలాచోట్ల రేగడి నేల ఉంటుంది. పునాది తవ్వినప్పుడు వచ్చిన ఆ మట్టినే ఖర్చు తగ్గుతుందని తిరిగి బేస్‌మెంట్‌లో నింపుతారు. అది వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. పైన ఎంత ఖరీదైన బండ ఉన్నా కదలక తప్పదు. మొరం తెప్పించి 6 అంగుళాల పొరలుగా పోసి, ప్రతి పొరనూ నీళ్లతో తడిపి దిమ్మిసతో కొట్టించాలి. దానిపై 1:4:8 కాంక్రీటు (ఒక వంతు సిమెంటు, నాలుగు వంతుల ఇసుక, ఎనిమిది వంతుల కంకర) 4 అంగుళాలు వేసి, కనీసం వారం నీళ్లు పట్టాలి. తెల్లటి ఉప్పు కూడా కింది తేమతోనే పైకి వస్తుంది. ఆ తేమను ఆపకుండా పైన పూసే ఏ రసాయనమూ ఎక్కువ కాలం నిలవదు.

అపోహ: కింద మాలు ఎంత మందంగా ఉంటే గచ్చు అంత గట్టి.

పర్యావరణానికి జరిగే నష్టంలో పెద్ద వాటా ఇక్కడ దాక్కుని ఉంటుంది. లెక్క చూడండి. వెయ్యి చదరపు అడుగులకు 1:6 మాలు (ఒక వంతు సిమెంటుకు ఆరు వంతుల ఇసుక) 2 అంగుళాల మందం వేస్తే సుమారు 25 బస్తాల సిమెంటు కావాలి. ఒక అంగుళమైతే 13 బస్తాలు చాలు. మందం పెరగడానికి కారణాలు రెండే: కింది కాంక్రీటు లెవెల్‌లో లేకపోవడం, బండల మందం ఒకేలా లేకపోవడం. కాంక్రీటు వేసేముందే నీళ్ల పైపుతో లెవెల్ చూసి నాలుగు గోడల మీదా గుర్తులు పెట్టించండి. బండలను మందం ప్రకారం కుప్పలు వేయించి, ఒక్కో గదికి ఒక్కో కుప్ప వాడించండి. మేస్త్రీకి అరపూట పని, మీకు పన్నెండు బస్తాల ఆదా. థర్మల్ కేంద్రాల బూడిద కలిసే పీపీసీ సిమెంటు ఈ పనికి నిక్షేపంగా సరిపోతుంది.

అపోహ: చెక్క, వెదురు అన్నిటికన్నా పర్యావరణానికి మంచివి.

మన చెదలకు, వానాకాలపు తేమకు కింది అంతస్తులో చెక్క నిలవడం కష్టం. వెదురు పలకలను జిగురుతో అతికిస్తారు, చాలావరకు దూరం నుంచి వస్తాయి. చెక్కే కావాలంటే పాత ఇళ్లు విప్పినప్పుడు దొరికే టేకు కొని పై అంతస్తులో వేయించుకోండి.

అపోహ: "ఎకో" అని రాసి ఉన్న వినైల్ షీటు మంచిది.

వినైల్ అంటే పీవీసీ ప్లాస్టిక్. కింది తేమ బయటికి పోయే దారిలేక అంచులు లేస్తాయి, బూజు వాసన వస్తుంది. తీసేశాక చెత్తకుప్పలో కాలిస్తే విషపు పొగ.

అపోహ: పాత గచ్చు పగలగొట్టి కొత్తది వేస్తేనే ఇల్లు బాగుంటుంది.

ఇప్పటికే ఇంట్లో ఉన్న గచ్చుకు కొత్త క్వారీ, కొత్త లారీ అక్కర్లేదు. పాత షాబాద్ బండలైనా, మొజాయిక్ అయినా ముందు కర్రతో తట్టి చూడండి. డొల్ల చప్పుడు వచ్చిన చోటా, అంచులు ఎత్తుపల్లాలుగా ఉన్న చోటా ఆ బండలను మాత్రమే లేపి మళ్లీ పరిపించాలి. సందుల్లో పాత సిమెంటు గీకేసి, బండ రంగు కలిపిన సిమెంటు నింపి, మూడు రోజులు తడపాలి. తర్వాత మిషన్‌తో 60, 120, 220, 400 నంబరు పాలిష్ రాళ్లు వరుసగా పట్టించాలి. మధ్యలో ఒక నంబరు వదిలేస్తే ముందరి రాయి గీతలు అలాగే ఉండి, వెలుతురులో కనబడతాయి. గదికి ఒకరోజు మిగుల్చుకుందామని తొందరపడి ఈ పని పాడుచేసుకోవద్దు.

పాలిష్‌లో వచ్చే బురదనీళ్లను మోరీలోకి వదలొద్దు. పైపులో గడ్డకట్టి మూసుకుపోతుంది. డ్రమ్ములో పోసి రాత్రంతా తేరనిచ్చి, పైనీళ్లను మళ్లీ పాలిష్‌కే వాడండి. అడుగున పేరిన ముద్దను ఎండబెట్టి గుంతలు పూడ్చడానికి వాడుకోవచ్చు.